అమ్మకి థైరాయిడ్, పైగా మందులు పడవు: ఇంట్లో ఎలా చూసుకోవాలి

“అమ్మకి థైరాయిడ్ ఉంది. పోయిన నెల మోకాలి నొప్పికి ఇంజెక్షన్ చేయిస్తే ఒళ్లంతా దద్దుర్లు లేచి కళ్లు తిరిగి పడిపోయింది. అప్పట్నుంచి తలనొప్పి మాత్ర వేయాలన్నా భయమే. ఏం చేయాలి?” మాటలు అటూ ఇటుగా చాలామంది నన్ను అడిగే ప్రశ్న ఇదే. ఒక్కొక్కరికీ చెప్పి చెప్పి, చివరికి ఒకచోట రాసి పెడదామని కూర్చున్నాను.

నేను డాక్టర్ని కాను. మా అమ్మకి డెబ్బై దాటాయి. హైపోథైరాయిడ్, బీపీ ఉన్నాయి. డైక్లోఫెనాక్ పడదు, రొయ్యలు పడవు. పదేళ్లుగా ఆవిణ్ణి చూసుకుంటూ, తప్పులు చేసి, డాక్టర్ల చేత చివాట్లు తిని నేర్చుకున్న సంగతులివి. డోసు ఎంతో చెప్పాల్సింది మీ డాక్టరే. ఆ చెప్పింది ఇంట్లో సరిగ్గా జరిగేలా చూడటం మన పని.

మొదలుపెట్టే ముందు ఒక్క మాట. థైరాయిడ్ మాత్ర డోసు మార్చాక ఫలితం రక్తంలో సరిగ్గా తెలియడానికి ఆరు వారాలు పడుతుంది. తీవ్రమైన ఎలర్జీ ప్రాణం మీదికి రావడానికి పది నిమిషాలు చాలు. ఇళ్లల్లో నేను చూసేది మాత్రం తిరగబడి ఉంటుంది. థైరాయిడ్‌కి పది రోజులకోసారి టెస్టు చేయించి టెన్షన్ పడతారు. గొంతు పట్టేస్తుంటే మాత్రం సెట్రిజిన్ (ఎలర్జీ మాత్ర) ఒకటి వేసి “పడుకో, తగ్గిపోతుంది” అంటారు.

కావలసినవి

- ఒక నోటుబుక్కు. ఫోన్‌లో రాసుకుంటానంటే మీ ఇష్టం, కానీ మీరు ఊళ్లో లేని రోజు పక్కింటావిడకి అందేది పుస్తకమే.
- పాత ప్రిస్క్రిప్షన్లు, రక్తపరీక్షల రిపోర్టులు, ఆస్పత్రిలో ఉండి వచ్చి ఉంటే డిశ్చార్జి సమ్మరీ.
- పోస్టుకార్డు సైజు అట్ట ముక్కలు మూడు, లామినేషన్‌కి కొద్దిగా డబ్బులు.
- ఇంట్లో వాడే బీపీ మిషన్. నాడి కూడా చూపిస్తుంది కాబట్టి రెండు పనులకీ వస్తుంది.
- ఫోన్‌లో 108తో పాటు, రాత్రిపూట కూడా క్యాజువాలిటీ తెరిచి ఉండే దగ్గరి ఆస్పత్రి నంబరు. ఒకసారి ముందే ఫోన్ చేసి, నిజంగా ఎత్తుతారో లేదో చూసుకోండి.
- డాక్టరు రాసిస్తేనే: అడ్రినలిన్ ఆంప్యూల్స్ (ఇంజెక్షన్ మందు ఉండే చిన్న గాజు సీసాలు), సిరంజిలు. వీటి గురించి కింద వివరంగా ఉంది.

1. ముందు ఏ థైరాయిడో తేల్చుకోండి

“థైరాయిడ్ ఉంది” అంటే సరిపోదు. గ్రంథి తక్కువ పనిచేస్తే హైపో, ఎక్కువ పనిచేస్తే హైపర్. రెండింటికీ మందులు పూర్తిగా వేరు. సీసా మీద లెవోథైరాక్సిన్ అని ఉంటే (థైరోనార్మ్, ఎల్‌ట్రాక్సిన్ వగైరా) అది హైపోకి. కార్బిమజోల్ అని ఉంటే (నియోమెర్కజోల్ లాంటివి) హైపర్‌కి.

హైపర్‌కి కార్బిమజోల్ వాడుతుంటే ఒక హెచ్చరిక. జ్వరం, గొంతు నొప్పి, నోటిలో పుళ్లు వచ్చాయంటే మామూలు జలుబు అనుకోకండి. ఈ మందు అరుదుగా తెల్లరక్తకణాలను బాగా పడగొడుతుంది. మాత్ర ఆపి, అదే రోజు డాక్టరు దగ్గరికెళ్లి కణాల లెక్క పరీక్ష చేయించాలి. ఇదే మందు కొందరికి దద్దుర్లు కూడా తెస్తుంది. దాన్ని వంకాయ మీదికి నెట్టేసి మాత్ర కొనసాగించకండి.

ఇక్కణ్ణుంచి ఎక్కువగా హైపో గురించే చెబుతాను. నన్ను అడిగేవాళ్లలో ఎక్కువమంది ఇంట్లో ఉన్నది అదే.

2. పడని మందు అసలు పేరు పట్టుకోండి

“అమ్మకి ఆ తెల్ల మాత్ర పడదు”, “నొప్పుల సూది పడదు”. ఇలాంటి సమాచారంతో ఏ డాక్టరూ ఏమీ చేయలేడు. కావాల్సింది బ్రాండు పేరు కూడా కాదు, లోపలున్న మందు పేరు. డైక్లోఫెనాక్ పడనివాళ్లకి వొవెరాన్ వద్దని గుర్తుపెట్టుకుంటారు. కానీ అదే మందు ఇంకో పాతిక పేర్లతో దొరుకుతుంది. పైగా మన దగ్గర మాత్రల్లో రెండు మూడు మందులు కలిపి ఉంటాయి. కాంబిఫ్లామ్‌లో పారాసెటమాల్‌తో పాటు ఐబుప్రొఫెన్ ఉంటుంది. జీరోడాల్‌-పిలో అసిక్లోఫెనాక్ ఉంటుంది, అది డైక్లోఫెనాక్‌కి దగ్గరి చుట్టం. అగ్‌మెంటిన్ అంటే అందులో అమాక్సిసిలిన్, అంటే పెన్సిలిన్ జాతి. ఒక నొప్పి మాత్ర పడకపోతే అదే జాతిలో మిగతావి వాడొచ్చా లేదా అన్నది డాక్టర్ని అడగండి, మెడికల్ షాపులో కుర్రాణ్ణి కాదు.

మా అమ్మకి రియాక్షన్ వచ్చిన రోజు ఆ క్లినిక్‌లో ఏం ఇంజెక్షన్ చేశారో కాగితం మీద లేదు. అడిగితే “నొప్పికేనండీ” అన్నారు. నేను కౌంటరు వెనకున్న చెత్తబుట్టలోంచి పగిలిన ఆంప్యూల్ ఏరుకుని, దాని మీది అక్షరాలు కనపడేలా ఫోటో తీశాను. ఆ ఫోటో ఇప్పటికీ నా ఫోన్‌లో ఉంది. తర్వాత చూపించిన ప్రతి డాక్టరూ ముందు అడిగింది అదే.

పేరు తెలిసే దారే లేకపోతే ఇలా రాయండి: ఏ తేదీన, దేనికోసం ఇచ్చారు, మాత్రా ఇంజెక్షనా, ఇచ్చిన ఎంతసేపటికి, ఏమేం జరిగింది. ఎలర్జీ నిపుణులకి ఈ ఐదు సంగతులు చాలా పనికొస్తాయి.

మందు వల్ల రియాక్షన్ వస్తే ప్రభుత్వానికి మనమే చెప్పొచ్చు. ఫార్మకోవిజిలెన్స్ ప్రోగ్రామ్ ఆఫ్ ఇండియా ఉచిత ఫోన్ నంబరు 1800-180-3024. డాక్టరే చెప్పాలని ఏమీ లేదు.

3. కార్డు రాసి మూడుచోట్ల పెట్టండి

మందుల పేర్లు ఇంగ్లీషులో పెద్దక్షరాలతో, మిగతాది తెలుగులో రాయండి. మా కార్డు ఇలా ఉంటుంది:

> ప్రాణాపాయ ఎలర్జీ: డైక్లోఫెనాక్ (ఇంజెక్షన్, 10 నిమిషాల్లో దద్దుర్లు, గొంతు బిగుసుకుపోవడం, బీపీ పడిపోవడం). రొయ్యలు.
> ఇవ్వకండి: డాక్టర్ని అడగకుండా ఏ నొప్పి మందూ.
> రోజూ వాడేవి: లెవోథైరాక్సిన్ 75 మైక్రోగ్రాములు పరగడుపున. బీపీ మాత్ర పేరు, డోసు.
> ఫోన్: కొడుకు, కోడలు, డాక్టరు.

ఒకటి అమ్మ పర్సులో, ఒకటి ఫోన్ కవరు వెనక, ఒకటి ఫ్రిజ్ తలుపు మీద. డోసు మారిన రోజే మూడూ మార్చండి. పాత కార్డు ఉండటం కంటే కార్డు లేకపోవడమే నయం అనిపించిన సందర్భం మాకు ఒకటి వచ్చింది.

కార్డులో రాసేటప్పుడు తేడా పాటించండి. “వంకాయ తింటే నాలిక దురద”, “గోంగూర పడదు” లాంటివి ప్రాణాపాయ ఎలర్జీ గడిలో రాస్తే అసలైన పేరు కనపడకుండా పోతుంది. ఇరవై పేర్లున్న కార్డుని క్యాజువాలిటీలో ఎవరూ చదవరు.

4. పరగడుపు మాత్ర నిజంగా పరగడుపున పడేలా చూడండి

థైరాయిడ్ అదుపులోకి రావడం లేదని వచ్చేవాళ్లలో చాలామందికి డోసు తక్కువై కాదు, మాత్ర వేసే పద్ధతి తప్పై. పద్ధతి చెప్పడానికి తేలికే. పొద్దున లేవగానే మంచినీళ్లతో మాత్ర, ఆ తర్వాత అరగంట నుంచి గంట దాకా మంచినీళ్లు తప్ప ఏమీ వద్దు.

చిక్కంతా కాఫీతోనే. మా అమ్మ మూడేళ్లపాటు మాత్రని కాఫీతో మింగింది. “పరగడుపునే కదరా, ఇంకా ఏం తినలేదు” అనేది. ఆవిడ లెక్కలో కాఫీ తిండి కాదు. కాఫీ, టీ, పాలు అన్నీ ఈ మాత్రని ఒంటికి సరిగ్గా పట్టనివ్వవు.

ఇంకొకటి పూజ. కార్తీకమాసంలోనూ శనివారాల్లోనూ దీపం పెట్టేదాకా గుక్కెడు నీళ్లు కూడా ముట్టనంటారు. దీపం అయ్యేసరికి ఎనిమిదిన్నర, అప్పుడు ఆకలి, మాత్ర వెంటనే టిఫిను. వాదించి లాభం లేదు. ప్రత్యామ్నాయం ఉంది: రాత్రి భోజనమైన మూడు గంటల తర్వాత, పడుకునే ముందు వేసుకోవచ్చు. డాక్టరుకి చెప్పి పూర్తిగా రాత్రికే మార్చేయండి. కొన్నాళ్లు పొద్దున, కొన్నాళ్లు రాత్రి అని కలగాపులగం చేయకండి.

క్యాల్షియం, ఐరన్ మాత్రలకీ, గ్యాస్‌కి వేసే యాంటాసిడ్‌లకీ థైరాయిడ్ మాత్రకీ మధ్య నాలుగు గంటల ఎడం ఉండాలి. మా ఇంట్లో క్యాల్షియం మధ్యాహ్నం భోజనంతో పెట్టేశాం, గొడవ పోయింది.

సీసా ఎక్కడ పెడుతున్నారో చూడండి. మా ఇంట్లో అది పొయ్యి పక్క అల్మరాలో, పోపుల పెట్టెకి ఆనించి ఉండేది. వేడీ, తేమా, వెలుతురూ ఈ మందుకి పడవు. పడగ్గదిలో చల్లటి చోట, దాని సీసాలోనే, మూత బిగించి ఉంచండి. లోపలి తేమ పీల్చే చిన్న పొట్లం తీసి పారేయకండి. వారానికి సరిపడా డబ్బీలో సర్దుకోవచ్చు, నెలకి సర్దకండి.

ఒకరోజు మరిచిపోతే కంగారు వద్దు. ఈ మందు ఒంట్లో సగానికి తగ్గడానికే దాదాపు వారం పడుతుంది. మర్నాడు సొంతంగా రెండు మాత్రలు వేయించకండి, ముఖ్యంగా గుండె జబ్బు ఉన్నవాళ్లకి. వరసగా మూడు నాలుగు రోజులు తప్పితే డాక్టరుకి చెప్పండి.

షాపులో మీ డోసు లేదని వేరేది అంటగడితే జాగ్రత్త. 100 మైక్రోగ్రాములు, 0.1 మిల్లీగ్రాము ఒకటే. 12.5, 25, 125 మాత్రం చూడ్డానికి ఒకలా ఉండి మనల్ని ముంచుతాయి. ఇంటికొచ్చాక కళ్లజోడు పెట్టుకుని పాత సీసా, కొత్త సీసా పక్కపక్కన పెట్టి చదవండి. కంపెనీ మారిస్తే ఆరు నుంచి ఎనిమిది వారాల తర్వాత టీఎస్‌హెచ్ (రక్తంలో చూసే థైరాయిడ్ పరీక్ష; థైరాయిడ్ ఎక్కువైతే ఈ అంకె తగ్గుతుంది, తక్కువైతే పెరుగుతుంది) చూపించండి.

కొత్త సీసా మొదలుపెట్టాక దద్దుర్లు వస్తే ఎలర్జీ మందుకే అని తీర్మానించకండి. లెవోథైరాక్సిన్ మన ఒంట్లో తయారయ్యే హార్మోను లాంటిదే. ఎలర్జీ వచ్చేది సాధారణంగా మాత్రలో కలిపే రంగుకో, ఇతర పదార్థానికో. మాత్ర పూర్తిగా మానేయకుండా వేరే కంపెనీది ప్రయత్నించమని డాక్టరు చెప్పే అవకాశం ఉంది. దద్దుర్లతో పాటు పెదాలు వాచినా ఆయాసం వచ్చినా మాత్రం 7వ అంకెకి వెళ్లండి.

5. రక్తపరీక్ష ఎప్పుడు, ఎలా

డోసు మార్చిన ఆరు నుంచి ఎనిమిది వారాలకి. నిలకడగా ఉంటే ఆరు నెలలకో ఏడాదికో, డాక్టరు చెప్పినట్టు. ఆ పొద్దున రక్తం ఇచ్చాకే మాత్ర వేయండి. జుట్టుకీ గోళ్లకీ వాడే బయోటిన్ మాత్రలు ఉంటే కనీసం రెండు రోజుల ముందు ఆపాలి, అవి రిపోర్టుని తప్పుదారి పట్టిస్తాయి.

ఎలర్జీ ఉన్నవాళ్ల ఇంట్లో గుర్తుంచుకోవాల్సింది ఇంకోటి. రియాక్షన్‌కి స్టిరాయిడ్ ఇంజెక్షన్లు ఇస్తారు, అవి టీఎస్‌హెచ్‌ని తాత్కాలికంగా తగ్గించి చూపిస్తాయి. పెద్ద జబ్బు చేసినా అంతే. ఆస్పత్రి నుంచి వచ్చిన వారానికే పరీక్ష చేయించి “థైరాయిడ్ ఎక్కువైంది” అని డోసు తగ్గించేసిన కేసులు నాకు తెలుసు. కోలుకున్నాక ఆరు వారాలు ఆగండి.

రిపోర్టులో అంకె పక్కన ఎర్ర బాణం కనపడగానే గుండె జారిపోనక్కర్లేదు. టీఎస్‌హెచ్ 0.4 నుంచి 4 దాకా మామూలు అని ల్యాబులు సాధారణంగా వేస్తాయి. డెబ్బై దాటినవాళ్లకి అంతకంటే కొంచెం ఎక్కువున్నా చాలామంది డాక్టర్లు ఊరుకుంటారు. పెద్దవాళ్లకి డోసు ఎక్కువైతేనే ప్రమాదం ఎక్కువ: గుండె లయ తప్పుతుంది, ఎముకలు గుల్లబారతాయి.

6. అడ్రినలిన్ గురించి ముందే మాట్లాడుకోండి

తీవ్రమైన ఎలర్జీకి ప్రాణం నిలిపే మొదటి మందు అడ్రినలిన్. ఎవిల్ (ఎలర్జీ మందు) కాదు, డెకడ్రాన్ (స్టిరాయిడ్) కాదు, సెట్రిజిన్ కాదు. అవి దురదకీ దద్దుర్లకీ ఉపశమనం. మూసుకుపోతున్న గొంతునీ, పడిపోతున్న బీపీనీ అవి ఆపలేవు.

విదేశాల్లో పెన్నులా ఉండి తొడకి ఆనించి నొక్కే ఆటోఇంజెక్టర్ రాసిస్తారు. మన దగ్గర అది తేలిగ్గా దొరకదు. అమెరికాలోనో ఇంకెక్కడో ఉన్న పిల్లలు తెచ్చిస్తే, గడువు తేదీ ఫోన్‌లో అలారంగా పెట్టుకోండి. లేకపోతే ఆంప్యూల్, సిరంజి. ఇవి డాక్టరు రాసిచ్చి, దగ్గర కూర్చోబెట్టుకుని నేర్పిస్తేనే ఇంట్లో పెట్టుకోండి. అడగాల్సినవి ఇవి:

- మా అమ్మకి ఎంత? పెద్దవాళ్లకి సాధారణంగా 1 మిల్లీలీటరులో 1 మిల్లీగ్రాము ఉండే ఆంప్యూల్ నుంచి అర మిల్లీలీటరు, తొడ బయటివైపు మధ్యలో, కండలోకి. నరంలోకి ఇంట్లో ఎప్పుడూ వద్దు.
- ఏ సిరంజి? ఇన్సులిన్ సిరంజి వద్దు. దాని సూది కండదాకా వెళ్లదు, దాని మీది గీతలు యూనిట్లలో ఉండి లెక్క తప్పిస్తాయి.
- గుండె జబ్బు ఉంది, బీపీ ఉంది, థైరాయిడ్ ఉంది, అయినా ఇవ్వొచ్చా? ముందే అడిగి జవాబు నోటుబుక్కులో రాయించుకోండి. ప్రాణం మీదికొచ్చిన ఎలర్జీలో అడ్రినలిన్ ఇవ్వకపోవడమే పెద్ద ప్రమాదమని డాక్టర్లు చెబుతారు.
- బీపీకో గుండెదడకో ప్రొప్రనొలాల్, అటెనొలాల్, మెటొప్రొలాల్ వాడుతున్నారా? ఇవి అడ్రినలిన్‌ని సరిగ్గా పనిచేయనివ్వవు. హైపర్‌థైరాయిడ్‌లో వణుకు తగ్గడానికి కూడా ఇవే రాస్తారు కాబట్టి ఇది తప్పకుండా అడగాలి. మీరే ఆపేయకండి, డాక్టరే మార్చాలా వద్దా చెబుతారు.
- బీపీకి ఎనలాప్రిల్, రామిప్రిల్ లాంటివి వాడుతున్నారా? దద్దుర్లూ దురదా లేకుండా పెదవి, నాలుక మాత్రమే వాస్తే ఈ మాత్రలే కారణం కావచ్చు. ఏళ్ల తరబడి వాడాక కూడా వస్తుంది.

ఆంప్యూల్‌ని ఫ్రిజ్‌లో పెట్టనక్కర్లేదు, ఎండ తగలని చల్లటి చోట చాలు. నెలకోసారి చూడండి. గులాబీ రంగుకో గోధుమ రంగుకో తిరిగితే పారేయండి.

7. రియాక్షన్ వచ్చినప్పుడు

ఒంటి మీద నాలుగు దద్దుర్లు మాత్రమే ఉండి, మనిషి మామూలుగా మాట్లాడుతుంటే డాక్టరు చెప్పిన ఎలర్జీ మాత్ర వేసి, కళ్లు పక్కకి తిప్పకుండా కనిపెట్టి ఉండండి. కింది వాటిలో ఏదైనా కనపడితే ఇక ఆగొద్దు:

గొంతు బొంగురుపోవడం, మింగలేకపోవడం, నాలుక వాపు, పిల్లికూతలు, ఆయాసం, కళ్లు బైర్లు కమ్మడం, స్పృహ తప్పడం. దద్దుర్లతో పాటు వాంతులో కడుపులో మెలితిప్పినట్టు నొప్పో వచ్చినా ఇదే. దద్దుర్లు లేకుండా కూడా రావచ్చు. “దద్దుర్లు లేవు కదా, గ్యాస్ అయ్యుంటుంది” అనుకుని సమయం పోగొట్టుకుంటారు.

క) పడుకోబెట్టండి, కాళ్ల కింద రెండు దిళ్లు పెట్టండి. ఆయాసంగా ఉంటే కాళ్లు చాపి కూర్చోబెట్టండి. వాంతులవుతున్నా, స్పృహ లేకపోయినా ఎడమవైపుకి తిప్పండి.

ఖ) డాక్టరు నేర్పిన అడ్రినలిన్ ఉంటే వెంటనే ఇవ్వండి. చీర మీంచైనా సరే. టైము రాయండి.

గ) ఇంకొకరి చేత 108కి ఫోన్ చేయించండి. “ఎలర్జీతో ఊపిరి ఆడటం లేదు” అని మొదటి వాక్యంలోనే చెప్పండి, ఆ తర్వాతే వీధి పేరు, గుడి గుర్తు.

ఘ) ఐదు నిమిషాల్లో తేడా లేకపోతే రెండో డోసు. రాసిచ్చేటప్పుడే రెండు ఆంప్యూల్స్ అడగాల్సింది అందుకే.

ఙ) నిలబెట్టకండి. నడిపించకండి.

ఈ చివరిది నేను చేసిన తప్పు. ఇంజెక్షన్ అయ్యాక అమ్మ “గొంతులో ఏదో అడ్డం పడ్డట్టుందిరా” అంది. అక్కడ ఎవిల్ చేసి, ఇంటికెళ్లి రెస్టు తీసుకోమన్నారు. నేను భుజం పట్టుకుని మెట్లు దించి ఆటో దాకా నడిపించాను. ఆటోలో కూర్చోబెట్టిన మరుక్షణం తల వాల్చేసింది. బీపీ పడిపోయిన మనిషిని లేపి నిలబెడితే గుండెకి రక్తం అందదని ఆ రాత్రి పెద్దాస్పత్రిలో డ్యూటీ డాక్టరు చెప్పాడు. ఆటోవాడు హారన్ మీద నుంచి చెయ్యి తీయకుండా నడిపాడు కాబట్టి సరిపోయింది.

నీళ్లు తాగించకండి, మజ్జిగ పట్టకండి, ఉల్లిపాయ వాసన చూపించకండి. కందిరీగో తేనెటీగో కుట్టి రియాక్షన్ వస్తే సున్నం రాస్తూ కూర్చోకండి. తేనెటీగ ముల్లు కనపడితే గోటితో గీకేసి పైన చెప్పినవే చేయండి.

8. తగ్గాక ఇంటికి తొందరపడకండి

తగ్గిన రియాక్షన్ కొన్ని గంటల తర్వాత, ఏ మందూ తినకుండానే మళ్లీ రావచ్చు. అందుకే ఆస్పత్రిలో కొన్ని గంటలైనా ఉంచుకుంటారు, తీవ్రంగా వస్తే రాత్రంతా. “బాగానే ఉంది కదండీ, సంతకం పెట్టి తీసుకెళ్తాం” అనకండి. ఇంటికొచ్చాక కూడా మూడు రోజులు ఒంటరిగా వదలొద్దు.

థైరాయిడ్ మాత్ర మర్నాడు పొద్దున మామూలుగా వేయాలా అని డిశ్చార్జి అప్పుడే అడగండి. ఆస్పత్రి హడావుడిలో వారాల తరబడి ఆగిపోయేది ఇదే. రెండు మూడు వారాల తర్వాత మనిషి డీలా పడితే “ఎలర్జీ నీరసం” అనుకుంటాం.

ఎలర్జీ నిపుణుణ్ణి కలవడం నాలుగు నుంచి ఆరు వారాల తర్వాత. చర్మపరీక్షకి ముందు సెట్రిజిన్ లాంటివి ఎన్ని రోజులు ఆపాలో అక్కడే అడగండి. ఒకసారి ప్రాణం మీదికి తెచ్చిన మందుని ఊళ్లో క్లినిక్‌లో “టెస్ట్ డోసు వేసి చూద్దాం” అంటే ఒప్పుకోవద్దు. ఆ చుక్క కూడా చాలు.

9. వంటిల్లు, పెళ్లి భోజనాలు

రొయ్యలు పడనివాళ్లకి రొయ్యల ముక్క తీసేసి పులుసు వడ్డించడం కుదరదు. వేపుడు నూనె, గరిటె కూడా లెక్కే. మా చుట్టాల పెళ్లిలో అమ్మ వంకాయ కూరే తింది. రొయ్యల ఇగురు వడ్డించిన గరిటె అందులోకి వచ్చినట్టుంది, పావుగంటలో పెదవి ఉబ్బింది. అప్పట్నుంచి బఫేలో మొదటి ప్లేటు ఆవిడదే, గరిటెలు కలవకముందే.

“రొయ్యలు పడవంటే అయొడిన్ పడదన్నమాట, థైరాయిడ్ కూడా ఉంది, అయొడిన్ ఉప్పు మానేయాలా?” అని అడుగుతారు. వద్దు. రొయ్యలతో వచ్చే ఎలర్జీ వాటిలోని ప్రొటీనుకి, అయొడిన్‌కి కాదు. మామూలు ఉప్పే వాడండి. అయితే సీటీ స్కాన్‌కి ఎక్కించే రంగుమందులో చాలా అయొడిన్ ఉంటుంది, అది థైరాయిడ్‌ని కదిలించగలదు. కాబట్టి స్కాన్ దగ్గర థైరాయిడ్ సంగతీ, గతంలో రంగుమందుకి రియాక్షన్ వచ్చి ఉంటే అదీ చెప్పండి. క్యాబేజీ, కాలీఫ్లవర్ ఉడికించి మామూలుగా తింటే భయం లేదు.

తరచూ జరిగే పొరపాట్లు

వంద రకాల ఎలర్జీ టెస్టు అని ఒకేసారి రక్తం తీసి, పాజిటివ్ వచ్చినవన్నీ మాన్పించేయడం. కందిపప్పు, శనగపప్పు, పాలు, గుడ్డు, వేరుశనగ అన్నీ పోయి పెద్దావిడ చారన్నం మీద పడుతుంది. రిపోర్టులో పాజిటివ్ ఉంటే తింటే పడదని అర్థం కాదు. తిన్నప్పుడు ఒంటికి ఏం జరిగిందన్నదే ముఖ్యం.

ఆరు వారాలు దాటి రోజూ వచ్చిపోయే దద్దుర్లకి తిండిని తిట్టడం. అలాంటివి చాలావరకు తిండి ఎలర్జీ కావు. థైరాయిడ్ మీద ఒంటి రోగనిరోధక శక్తే దాడి చేసే రకం హైపో ఉన్నవాళ్లలో ఈ దద్దుర్లు మిగతావాళ్లకంటే ఎక్కువ కనపడతాయి. చర్మ డాక్టరుకి థైరాయిడ్ సంగతి, థైరాయిడ్ డాక్టరుకి దద్దుర్ల సంగతి చెప్పండి. ఇద్దరూ ఒకరినొకరు అడగరు.

జలుబుకి షాపులో కొనే మాత్రలు. ముక్కు దిబ్బడ తగ్గించే మందు కలిసినవి గుండెదడ తెస్తాయి, ముఖ్యంగా హైపర్ ఉన్నా, థైరాయిడ్ డోసు ఎక్కువైనా. ఎవిల్, సీపీఎం లాంటి పాతరకం ఎలర్జీ మాత్రలతో పెద్దవాళ్లు మత్తుగా, తికమకగా అయిపోతారు. రాత్రి బాత్రూముకి లేచి పడిపోయేది ఆ మత్తులోనే. నాన్నకి ప్రొస్టేట్ ఉంటే మూత్రం బిగుసుకుంటుంది.

పొడులు, కషాయాలు, చిన్న మాత్రలు మొదలుపెట్టి థైరాయిడ్ మాత్ర ఆపేయడం. ఆపిన కొన్ని వారాలదాకా ఏమీ తెలియదు, అదే మోసం.

సరిగ్గా జరుగుతోందో లేదో చూసుకోవడం

నెల మొదటి తారీఖున సీసాలో మాత్రలు లెక్కపెట్టండి. పాత లెక్కలోంచి తీసేస్తే ఎన్ని రోజులు తప్పాయో తెలిసిపోతుంది. “వేసుకున్నావా?” అని అడగడం కంటే ఇది నయం. అడిగితే ప్రతి అమ్మా “ఆఁ” అనే అంటుంది. విదేశాల్లో ఉండి చూసుకునేవాళ్లకి కూడా ఇదే చెబుతాను: వీడియో కాల్‌లో సీసా బల్ల మీద బోర్లించి చూపించమనండి.

వారానికోసారి, కూర్చుని పది నిమిషాలు అయ్యాక నాడి, బీపీ రాయండి. నెలకోసారి బరువు. నాడి వంద దాటి ఉంటున్నా, లయ తప్పినట్టున్నా, చేతులు వణుకుతున్నా, నిద్ర పట్టక బరువు తగ్గుతున్నా డోసు ఎక్కువైందేమో చూపించండి. మలబద్ధకం, చలి, గొంతు బొంగురు, ముఖం ఉబ్బరం, మాట నెమ్మదించడం మెల్లగా వారాల్లో వస్తుంటే తక్కువైందేమో. గొంతు బొంగురు ఇటు థైరాయిడ్‌లోనూ అటు ఎలర్జీలోనూ ఉందని గమనించారా? వారాల్లో వస్తే థైరాయిడ్ డాక్టరు, నిమిషాల్లో వస్తే 108. హైపో ఉన్న మనిషి ఒళ్లు చల్లబడి, లేపినా లేవనంత మత్తుగా, తికమకగా మాట్లాడుతుంటే అదీ ఎమర్జెన్సీయే.

మూడు నెలలకోసారి ఇంట్లో ఒక పరీక్ష పెట్టండి. అమ్మ ఎదురుగా కూర్చుని ఉండగా, ఇంట్లో మిగతావాళ్లని “ఇప్పుడు రియాక్షన్ వచ్చింది, ఏం చేస్తావు?” అని అడగండి. మొదటిసారి మా అబ్బాయి పరుగెత్తుకెళ్లి మంచినీళ్లు తెచ్చాడు. రెండోసారి ఆంప్యూల్స్ డబ్బా తెచ్చాడు గానీ, సిరంజిలు వేరే గదిలో ఉన్నాయి. ఇప్పుడు రెండూ ఒకే స్టీలు డబ్బాలో, కార్డుతో పాటు, అమ్మ మంచం పక్కనున్న స్టూలు మీద ఉంటాయి. డబ్బా మీద ఎర్ర స్కెచ్‌తో “తాళం వేయొద్దు” అని ఆవిడే రాసుకుంది.